చీనా లిపికి యంత్రము కూర్చిన లిన్ యూటాంగ్

తెలుగు నేర్చుకొను బాలుడు 56 అక్షరములను, గుణింతములను, ఒత్తులను నేర్చిన చాలును. తన భాషలోని ఏ మాటనైనను వ్రాయగలడు. ఇంగ్లీషు నేర్చుకొను బాలునకు 26 అక్షరములు చాలును. చీనా దేశపు బాలుని స్థితి ఇట్టిది కాదు. ఆ భాషకు మనకున్నట్టి వర్ణమాల లేదు. అందు ప్రతి పదమునకును, లేక పదములోని ప్రతి ఖండమునకును, ఒక ప్రత్యేకమైన అక్షరము కలదు. కాంగ్షీ చక్రవర్తి ఆజ్ఞచే కూర్పబడి 1716వ సంవత్సరమున పూర్తియైన మహానిఘంటువునందు 47,000కు పైగా అక్షరములు చేర్పబడినవి. వానిలో చాల భాగము అరుదుగా వాడబడునవే. అయినను వార్తాపత్రికను ధారాళముగా చదువగోరువాడు ఇంచుమించు 3,000 అక్షరములనైనను గుర్తింపగలిగి యుండవలెను.

ఇట్టి లిపిని కుంచెతో వ్రాయుటను చీనావారు తరతరములుగా ఒక కళగా పెంపొందించిరి. కాని యంత్రములు వచ్చిన పిమ్మట చిక్కు ఏర్పడెను. 19వ శతాబ్దపు చివరి భాగమున అమెరికా, ఐరోపా దేశముల కార్యాలయములలో టైపురైటరు ప్రవేశించెను. ఒక్కొక్క మీట నొక్కగా ఒక్కొక్క అక్షరము కాగితముపై పడును. వ్రేళ్లు కదలినంత వేగముగా ఉత్తరము సిద్ధమగును. వేలకొలది అక్షరములున్న భాషకు వేలకొలది మీటలను అమర్చుట ఎట్లు? 20వ శతాబ్దపు తొలి దశకములలో షాంఘై నగరమున తయారైన చీనా టైపు యంత్రములకు అక్షరముల మీటలే లేవు. ఒక పెద్ద పళ్లెమునందు సుమారు 2,500 లోహపు అచ్చులు వరుసలుగా పేర్పబడి యుండెడివి. టైపు చేయువాడు సూచికను పళ్లెముపై జరుపుచు, కావలసిన అచ్చును వెదకి పట్టి, పిడిని నొక్కి, ఒక్కొక్క అక్షరమునే ముద్రింపవలెను. పళ్లెములో లేని అక్షరము కావలసినచో వేఱొక పెట్టె నుండి తీసి అమర్చుకొనవలెను. ఈ పనికి నెలల తరబడి శిక్షణము అవసరమయ్యెను.

ఈ చిక్కును చూచి, చీనా లిపి ఆధునిక కాలమునకు పనికిరాదనియు, దానిని విడిచి రోమను లిపిని గ్రహింపవలెననియు కొందఱు విద్వాంసులు వాదింపసాగిరి. లిపి లోపము లిపిది కాదనియు, యంత్రమును చేయువారు లిపి స్వభావమును గ్రహింపలేదనియు మఱికొందఱు తలచిరి. అట్లు తలచినవారిలో ఒకడు, ఆ తలంపునకై తన సంపాదన యంతయు ఒడ్డినవాడు, లిన్ యూటాంగ్. లోకము ఇతనిని గొప్ప రచయితగా ఎఱుగును. ఇతడు యంత్ర నిర్మాత యని తెలిసినవారు కొందఱే.

లిన్ యూటాంగ్ 1895వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన చీనా దేశపు ఆగ్నేయ తీరమునందలి ఫూజియన్ రాష్ట్రమున జన్మించెను. ఇతని స్వగ్రామమగు బాన్‌జాయ్ ఎత్తైన కొండల నడుమ నున్నది. లిన్ అనునది వారి ఇంటిపేరు. చీనాలో ఇంటిపేరు ముందుగను, సొంత పేరు తరువాతను వచ్చును. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆదాయము స్వల్పము, సంతానము అధికము. అయినను తన కుమారులకు ఉన్నత విద్య చెప్పింపవలెనని ఆయన పట్టుదల. యూటాంగునకు చిన్ననాటి నుండియు యంత్రములపై మక్కువ మెండు. చదువుకొనుటకై నదిపై పోవునపుడు ఆవిరిపడవలోని యంత్రము కదలుట చూచి, అది ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొనుటకు ఎంతసేపైనను నిలుచుండెడివాడు.

ఇతని రెండవ యక్క చదువునందు మిక్కిలి చురుకైనది. కళాశాలలో చేరవలెనని ఆమె కోరిక. కొడుకుల చదువులకే ధనము చాలని ఆ యింట కూతురి చదువునకు దారి దొరకలేదు. ఆమె కొంతకాలము పెండ్లిని వాయిదా వేసి చూచి, తుదకు ఒప్పుకొనెను. పెండ్లినాటి ఉదయమున ఆమె తమ్ముని ప్రక్కకు పిలిచి, తన వద్దనున్న 40 సెంట్ల చిల్లరను అతని చేతిలో పెట్టెను. తాను చదువజాలని చదువును నీవు చక్కగా చదువుమనియు, పేరు తెచ్చుకొనుమనియు కోరెను. తమ్ముడు షాంఘై నగరమునకు పోయి కళాశాలలో చేరెను. మఱుసటి యేడు ఆ యక్క ప్లేగు వ్యాధిచే మరణించెను. అప్పుడామె గర్భవతి. ఆ నలుబది సెంట్లను యూటాంగు వృద్ధాప్యము వఱకును మఱవలేదు.

షాంఘైలోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయమున ఇతడు 1916లో పట్టము పొందెను. అక్కడి చదువంతయు ఇంగ్లీషుననే సాగెను. పిమ్మట పీకింగు నగరమున సింగ్‌హువా కళాశాలలో ఇంగ్లీషు బోధకుడుగా చేరెను. రాజధానిలో విద్వాంసుల నడుమ మెలగునపుడు ఇతనికొక లోపము తెలియవచ్చెను. బైబిలు కథలన్నియు ఎఱిగిన తనకు, చీనాలో పామరులు సైతము ఎఱిగిన జానపద కథలు తెలియవు. స్వభాషలోని అక్షరములనే తప్పులు వ్రాయుచుండెను. దీనికి ఇతడు సిగ్గుపడెను. సిగ్గుపడి ఊరకుండక, పాత పుస్తకముల దుకాణములను తిరిగి, నిఘంటువులను ముందు పెట్టుకొని, తన భాషను మొదటి నుండి నేర్చుకొనసాగెను.

ఈ పునర్విద్యయే ఇతనిని అక్షరముల సమస్యకు ఎదురుగా నిలిపినది. తెలుగు నిఘంటువులో ఒక మాటను వెదకుట సులభము. అకారాది క్రమము తెలిసిన చాలును. చీనా నిఘంటువులో అట్టి క్రమము లేదు. కాంగ్షీ నిఘంటువును వాడువాడు 214 మూలరూపములలో తన అక్షరమున నున్న మూలరూపము ఏదియో ముందుగా ఊహింపవలెను. పిమ్మట మిగిలిన గీతలను లెక్కపెట్టి, అన్ని గీతలు గల అక్షరముల వరుసలో వెదకవలెను. మూలరూపమును తప్పుగా ఊహించినచో శ్రమ యంతయు వ్యర్థము. అక్షరములను వాని తొలి గీతల ఆకారమును బట్టి క్రమమున పేర్చినచో వెదకుట సులభమగునని యూటాంగు గ్రహించెను. ఈ పద్ధతిని వివరించుచు 1918వ సంవత్సరమున ఒక ప్రసిద్ధ మాసపత్రికలో వ్యాసము ప్రకటించెను. అప్పటి కితని వయస్సు 22 సంవత్సరములు.

ఇతని యాలోచనను గ్రహించుటకు చీనా అక్షరముల నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. చూచుటకు అవి చిక్కుపడిన గీతల గుంపువలె నుండును. కాని ప్రతి యక్షరము కొన్ని నిర్దిష్టమైన గీతలతో, నిర్దిష్టమైన వరుసలో వ్రాయబడును. ఉదాహరణమునకు, చెట్టు అను అక్షరమునకు నాలుగు గీతలు. మొదట ఒక అడ్డగీత, దానిని ఖండించుచు నిలువుగీత, పిమ్మట ఎడమకు జాఱు గీత, తుదకు కుడికి జాఱు గీత. అట్టి చెట్లను రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసినచో అది వనము అను అక్షరమగును. లిన్ అను ఇంటిపేరు ఆ యక్షరమే. మూడు చెట్లను కూర్చినచో దట్టమైన అడవి. సూర్యుని అక్షరమును, చంద్రుని అక్షరమును చేర్చినచో వెలుగు అను అర్థము వచ్చును. అనగా వేల అక్షరములున్నను, వానిలోని భాగములు కొన్ని వందలే. ఆ భాగములలోని గీతల రకములు ఇంకను తక్కువ. అక్షరములను లెక్కించువానికి లిపి సముద్రమువలె తోచును. భాగములను చూచువానికి అది ఇటుకలతో కట్టిన ఇల్లువలె తోచును. యూటాంగు చూపు ఇటుకలపై పడెను.

1919లో ఇతడు లియావ్ సుయిఫెంగ్ అను విద్యావతిని వివాహమాడి, ఆమెతో అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. విద్యార్థివేతనము మధ్యలో ఆగిపోగా, దంపతులు ఫ్రాన్సు దేశమునకు, అక్కడి నుండి జర్మనీకి పోయిరి. ఖర్చు గడచుటకు భార్య తన నగలను ఒక్కొక్కటిగా అమ్మెను. 1923లో యూటాంగు ప్రాచీన చీనా భాషా ధ్వనులపై పరిశోధించి లైప్జిగు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము గ్రహించెను. స్వదేశమునకు మఱలి పీకింగు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1926లో రాజకీయ కల్లోలమువలన ఆ నగరమును విడువవలసి వచ్చెను. తరువాత షాంఘైలో స్థిరపడి, రచనయే వృత్తిగా చేసికొనెను. అక్కడ ఇతడు నడపిన హాస్యపత్రికయు, పాఠశాలల కొఱకు వ్రాసిన ఇంగ్లీషు వాచకములును ఇతనికి పేరును ధనమును తెచ్చినవి.

ధనము చేతికి రాగానే ఇతని మనస్సు టైపు యంత్రముపైకి పోయెను. 1931లో ఇతడు ఐరోపాకు పోయినపుడు ఇంగ్లండులో ఆగి, ఒక ఇంజనీరు సహాయముతో యంత్రపు నమూనాను చేయింప ప్రయత్నించెను. కొలదినెలలలోనే చేతనున్న ధనమంతయు ఖర్చయ్యెను. యంత్రము మాత్రము పూర్తికాలేదు. జేబులో కొద్దిపాటి చిల్లరతో ఇతడు ఇల్లు చేరెను. అయినను ఆ యంత్రపు పటములను పాఱవేయక భద్రపఱచుకొనెను.

1935లో ఇతడు ఇంగ్లీషున వ్రాసిన నా దేశము, నా ప్రజలు అను గ్రంథము అమెరికాలో ప్రకటింపబడి గొప్ప ఖ్యాతి నందెను. మఱుసటి యేడు ఇతడు కుటుంబముతో అమెరికాకు తరలిపోయెను. 1937లో ప్రకటించిన జీవనకళను గూర్చిన గ్రంథము అంతకన్నను ఎక్కువగా అమ్ముడుపోయెను. 1942లో చీనా భారతదేశముల జ్ఞానసంపదను ఒకచోట కూర్చి మఱొక సంపుటము వెలువరించెను. ఋగ్వేద సూక్తములు, ఉపనిషత్తులు, భగవద్గీత, రామాయణము, పంచతంత్రము మొదలగువాని భాగములు ఆ సంపుటమున చోటు చేసికొనినవి. ఇట్లు తన కలము సంపాదించిన ధనముతో ఇతడు నిశ్చింతగా జీవింపగలవాడే. కాని రెండవ ప్రపంచ యుద్ధము ముగియగనే పాత పటములను మఱల బయటికి తీసెను.

న్యూయార్కు నగరమున ఒక చిన్న యంత్రశాలలో పని ఆరంభమయ్యెను. చీనావారుండు పేటలో అక్షరముల అచ్చులు పోయించెను. అవి వేలకొలది చిన్న అచ్చులు. ఒక్కొక్క భాగమును చేతితో చేయింపవలసి యుండెను. ఒక సవరణ చేసినచో పది భాగములు మాఱవలసి వచ్చెను. ఖర్చు అంచనాలను మించిపోయెను. పుస్తకములపై వచ్చిన ధనము కరగిపోయెను. పిమ్మట బ్యాంకు అప్పు, ఆ పిమ్మట మిత్రుల అప్పు. తన గ్రంథములను ప్రచురించిన పాతమిత్రులను అడుగగా వారు ఈయలేదు. ఆ స్నేహమునకు నాటితో పగులు పడెను. పురాతన వస్తువుల వర్తకుడొకడు పెద్ద మొత్తము అప్పిచ్చి ఆదుకొనెను. మొత్తము మీద ఆ యంత్రమునకు ఇంచుమించు 1,20,000 డాలర్లు వ్యయమాయెను. ఆ దినములలో అది సామాన్యుడు కలలోనైన చూడరాని ధనము.

1947 మే నెలలో యంత్రము పూర్తియై ఇల్లు చేరెను. ఇతడు దానికి మింగ్‌క్వాయ్ అని పేరు పెట్టెను. స్పష్టమైనది, వేగవంతమైనది అని దాని యర్థము. అందలి మింగ్ అను మాట సూర్యచంద్రులు కూడిన వెలుగు అను అక్షరమే. యంత్రపు వెడల్పు 14 అంగుళములు, లోతు 18 అంగుళములు, ఎత్తు 9 అంగుళములు. ఒక బల్లపై ఒదిగి యుండును. దానిపై 72 మీటలు మాత్రమే కలవు.

అన్ని వేల అక్షరములు 72 మీటలకు ఎట్లు లోబడెనో తెలిసికొనవలెను. మీటలలో 36 అక్షరముల పై భాగపు ఆకారములను, 28 క్రింది భాగపు ఆకారములను తెలుపును. మిగిలిన ఎనిమిది మీటలకు 1 నుండి 8 వఱకు అంకెలు. టైపు చేయువాడు తనకు కావలసిన అక్షరపు పై భాగము ఎట్లున్నదో చూచి ఒక మీటను, క్రింది భాగము ఎట్లున్నదో చూచి రెండవ మీటను నొక్కును. యంత్రములోపల అచ్చులను మోయుచున్న గుండ్రని కడ్డీలు, గ్రహములు తమచుట్టు తాము తిరుగుచు సూర్యుని చుట్టును తిరుగునట్లు, తిరిగి నిలుచును. అప్పుడు యంత్రపు మధ్యనున్న చిన్న అద్దపు కిటికీలో ఆ రెండు ఆకారములు గల అక్షరములు కనబడును. ఒక జతకు ఎనిమిదికి మించి రావు. వానిలో తనకు కావలసినది ఎన్నవదో చూచి, ఆ అంకె మీటను నొక్కగా అక్షరము ముద్రితమగును. 36ను 28తో హెచ్చింపగా 1,008 జతలు వచ్చును. జతకు ఎనిమిది చొప్పున 8,000కు పైగా అక్షరములకు చోటు కలుగును. అరుదైన అక్షరములను రెండు భాగములుగా ప్రక్కప్రక్కన ముద్రించి కూర్చు ఏర్పాటును ఇతడు చేసెను. ఆ విధముగా 90,000 అక్షరములు సాధ్యమని ఇతని లెక్క.

ఇందలి క్రొత్తదనము లోతైనది. సామాన్యమైన టైపురైటరులో మీటపై ఏ అక్షరమున్నదో అదియే కాగితముపై పడును. మింగ్‌క్వాయ్ యంత్రమున మీట నొక్కుట ముద్రించుట కాదు, వెదకుట. మనుష్యుడు గుర్తులు చెప్పును. యంత్రము ఆ గుర్తులకు సరిపోవువానిని వెదకి ఎదుట నిలుపును. మనుష్యుడు ఏఱుకొనును. నిఘంటువులో వెదకు పని యంతయు యంత్రము తనపై వేసికొనెను. 1918లో యువకుడు వ్రాసిన వ్యాసము 29 సంవత్సరములకు ఇట్లు ఉక్కు రూపము దాల్చెను.

యంత్రమును పెద్ద కంపెనీ యేదైనను కొని, వేలకొలదిగా తయారుచేసిన గాని అప్పులు తీఱవు. రెమింగ్టన్ అను టైపురైటరు కంపెనీవారు చూచుటకు అంగీకరించిరి. వాన కురియుచున్న ఒక దినమున యూటాంగు యంత్రమును పెట్టెలో పెట్టుకొని, రెండవ కుమార్తె తాయ్‌యీని వెంటబెట్టుకొని వారి కార్యాలయమునకు పోయెను. అధికారులందఱు చుట్టును కూర్చుండిరి. యూటాంగు తన పద్ధతిని వివరించెను. కుమార్తె బల్లముందు కూర్చుండి మీట నొక్కెను. యంత్రము కదలలేదు. వేఱొక మీట నొక్కెను. అప్పుడును కదలలేదు. గదిలో ఎవ్వరును మాటాడలేదు. తండ్రి స్వయముగా ప్రయత్నించెను, ఫలము లేకపోయెను. తుదకు తండ్రి కూతుళ్లు యంత్రమును మఱల పెట్టెలో పెట్టుకొని వానలోనే ఇల్లు చేరిరి.

యూటాంగు ఆ రాత్రి నిరాశతో కూర్చుండిపోలేదు. వెంటనే ఇంజనీరును పిలిపించెను. అతడు వచ్చి చూడగా లోపము చిన్నదే యని తేలి, త్వరలోనే యంత్రము బాగుపడెను. పిమ్మట పత్రికా విలేఖరులను తన యింటికి పిలిచెను. ఈ పర్యాయము తాయ్‌యీ మీట నొక్కగా అక్షరములు చక్కగా పడినవి. వచ్చినవారు ఏ మాటను చెప్పినను ఆమె టైపు చేసి చూపెను. పత్రికలన్నియు ఈ వార్తను ప్రకటించెను. ప్రఖ్యాత భాషాశాస్త్రజ్ఞుడగు చావ్ యువెన్‌రెన్ యంత్రమును స్వయముగా వాడి చూచి, కొద్ది అభ్యాసముతో ఎవరైనను దీనిని వాడగలరని మెచ్చుకొనెను.

1948లో మెర్గెన్‌థాలర్ లైనోటైప్ అను అచ్చు యంత్రముల కంపెనీ ఈ యంత్రమును తయారుచేయు విషయమున ఇతనితో ఒప్పందము చేసికొనెను. కాని కాలము కలిసిరాలేదు. యంత్రము మిక్కిలి సూక్ష్మమైనది. తయారుచేసినచో వెల చాల హెచ్చుగా నుండును. చీనాలో అంతర్యుద్ధము ముదిరెను. 1949లో అక్కడ క్రొత్త ప్రభుత్వము స్థాపితమయ్యెను. ఆ దేశమున యంత్రములు అమ్ముడగుననెడి ఆశ అమెరికా కంపెనీకి పోయెను. మింగ్‌క్వాయ్ యంత్రము అంగడికి రానే లేదు. చేసిన నమూనా ఒక్కటే. అదియు కంపెనీవారి చేతిలోనే నిలిచిపోయెను. 1946లో కోరిన పేటెంటు హక్కు 1952లో ఇతనికి లభించెను. అప్పటికి ఆ హక్కును వాడుకొనువారు లేరు.

యూటాంగు అప్పులను ఎగవేయలేదు. న్యూయార్కులోని ఇంటిని అమ్మివేసెను. 1948లో పారిస్ నగరమున ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థలో ఉద్యోగమునకు చేరెను. స్వేచ్ఛగా వ్రాసికొనుట కలవాటుపడినవానికి కార్యాలయపు పని ప్రియమైనది కాదు. కొంతకాలమునకు దానిని విడిచి మఱల కలము పట్టెను. ఏటేట గ్రంథములు వ్రాసి, వచ్చిన ధనముతో అప్పులు తీర్చుచు వచ్చెను.

1966లో ఇతడు తైవాను ద్వీపమునకు చేరి, తైపే నగర సమీపమున యాంగ్‌మింగ్ పర్వతముపై ఇల్లు కట్టుకొనెను. డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, చీనా మాటలకు ఇంగ్లీషు అర్థములు తెలుపు మహానిఘంటువును కూర్చుటకు పూనుకొనెను. దినమునకు అనేక గంటలు బల్లముందు కూర్చుండి పనిచేసెను. 1971లో పెద్దకుమార్తె అకాలమరణము చెందగా ఆ దుఃఖము ఇతనిని క్రుంగదీసెను. అయినను పని ఆగలేదు. 1972లో ఆ నిఘంటువు హాంగ్‌కాంగ్ నగరమునందలి చీనా విశ్వవిద్యాలయముచే ప్రకటింపబడెను. అందు అక్షరములను వెదకుటకు, వాని మూలల ఆకారములను బట్టి అంకెల నిచ్చు పద్ధతిని వాడెను. అర్ధశతాబ్దము దాటినను ఇతని మనస్సును ఆ ప్రశ్న విడువలేదన్నమాట. 1976వ సంవత్సరము మార్చి 26వ తేదీన ఇతడు హాంగ్‌కాంగులో కన్నుమూసెను. యాంగ్‌మింగ్ పర్వతముపై తన యింటి ఆవరణముననే సమాధి చేయబడెను.

ఇతని యంత్రము అమ్ముడుపోకపోయినను ఇతని తలంపు నశింపలేదు. 1959లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడగు శామ్యుయెల్ కాల్డ్‌వెల్, గీతలను వరుసగా మీటలతో తెలుపగా అక్షరమును గుర్తించు విద్యుద్యంత్రమును ప్రదర్శించెను. గీతలన్నిటిని తెలుపకమునుపే యంత్రము అక్షరమును పోల్చుకొనుచుండుట అతడు గమనించెను. మింగ్‌క్వాయ్ మీటల అమరికయు, భాషాంతరీకరణము చేయు కంప్యూటరులకు చీనా రచనలను అందించు పరిశోధనలలో ఉపయోగింపబడెను.

కంప్యూటరునందు ఉక్కు అచ్చులు లేవు, ఉన్నవి అంకెలే. ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య నియమింపబడినది. 1980లో చీనా ప్రభుత్వము ప్రకటించిన పట్టికయందు 6,763 అక్షరములకు సంఖ్యలు కలవు. నేడు లోకమంతయు వాడుచున్న యూనికోడు పట్టికయందు 90,000కు పైగా అక్షరములకు సంఖ్యలు ఏర్పడినవి. సంఖ్య యిచ్చినంతమాత్రమున చాలదు. గీతల రూపమును కూడ దాచవలెను. ఒక అక్షరమును వరుసకు 100 చొప్పున 100 వరుసల చుక్కలుగా దాచినచో 10,000 చుక్కలగును. ఏడువేల అక్షరములకు ఏడు కోట్ల చుక్కలు. ఆనాటి చిన్న కంప్యూటరులకు అంత జ్ఞాపకశక్తి లేదు. 1970ల నడుమ పీకింగు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడగు వాంగ్ షువాన్ ఈ చిక్కును విప్పెను. అడ్డగీత, నిలువుగీత వంటివానిని వాని పొడవు, మందము, కొసల తీరు తెలుపు కొద్ది అంకెలతోను, వంకర గీతలను వాని అంచుల వెంబడి గుర్తించిన బిందువులతోను అతడు దాచెను. ముద్రించునపుడు యంత్రమే ఆ అంకెల నుండి గీతలను మఱల గీయును. 1987లో చీనా దినపత్రిక యొకటి లోహపు అచ్చులు లేకయే ఆ పద్ధతిలో సంపూర్ణముగా ముద్రితమయ్యెను.

ఇక మీటల సంగతి. 1976లో తైవానునందును, 1983లో చీనాలోను, అక్షరములను భాగములుగా విడదీసి సామాన్యమైన ఇంగ్లీషు మీటలతోనే వ్రాయు పద్ధతులు వెలసినవి. చేతి టెలిఫోనులలో ఐదే మీటలతో వ్రాయు పద్ధతియు కలదు. అడ్డగీతకు 1, నిలువుగీతకు 2, ఎడమకు జాఱు గీతకు 3, చుక్కకును కుడికి జాఱు గీతకును 4, వంపు గీతకు 5. వరుసగా 1, 2, 3, 4 నొక్కినచో చెట్టు అను అక్షరము తెరపై నిలుచును. అదే వరుసను రెండుమాఱులు నొక్కినచో యూటాంగు ఇంటిపేరు వచ్చును. నేడు చీనాలో చాలమంది ఉచ్చారణను రోమను అక్షరములలో టైపు చేసి వ్రాయుదురు. అప్పుడును తెరపై పలు అక్షరములు వరుసగా కనబడును. వ్రాయువాడు తనకు కావలసినదానిని ఏఱుకొనును. గుర్తులు చెప్పుట, యంత్రము చూపుట, మనుష్యుడు ఏఱుకొనుట అనెడి ఆ క్రమము 1947నాటి అద్దపు కిటికీలో తొలిసారిగా కనబడిన క్రమమే.

పోయినదనుకొనిన ఆ యంత్రము 2025లో న్యూయార్కు ప్రాంతమున ఒక యింటి నేలమాళిగలో దొరికెను. ఆ యింటివారి పెద్దలలో ఒకరు లైనోటైప్ కంపెనీలో పనివాడు. స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయము దానిని సంపాదించి భద్రపఱచినది.

లిన్ యూటాంగ్ గ్రంథములు వ్రాసి ధనము గడించెను. అక్షరములకై దానిని పోగొట్టుకొనెను. లాభనష్టములను డాలర్లలో లెక్కించువారికి అతని యంత్రము నష్టమే. చీనా లిపిని విడువవలెననిన వాదము నేడు వినబడుట లేదు. కోట్లకొలది ప్రజలు తమ పూర్వుల అక్షరములను యంత్రములపై అనాయాసముగా వ్రాయుచున్నారు. వారిలో చాలమందికి ఆ వానదినమున కదలని మీట సంగతి తెలియదు. అయినను ఆ మీటను చేయించినవాని శ్రమ వారి వ్రేళ్ల క్రింద నేటికిని పనిచేయుచునే యున్నది.